పందొమ్మిదో నిమిషంలో లారీ

ఇరవై ఎనిమిదో ఏడు, 112వ రోజు

చెవులు నూట నలభై. పనిచేస్తున్నవి నూట ముప్పై తొమ్మిది. మూడో వరుసలో ఒకదాని తీగ ఎలుక కొరికింది. కొత్త తీగ వేశాను. ఎలుక దొరకలేదు.

ఈ పుస్తకంలో పనికొచ్చే సంగతులే రాయాలని నియమం. నెలకోసారి మా పై అధికారి నర్సింగం సారు వచ్చి చివరి పేజీ కింద సంతకం పెడతారు. పైన ఏముందో చూడరు. పోయిన ఏడాది మధ్యలో టమాట తొక్కు కొలతలు రాసి పెడితే దానికీ సంతకం పెట్టారు. కాబట్టి ఇక మీద నాకు తోచింది కూడా రాస్తాను.

బండలోకి రంధ్రాలు చేసి దింపిన గొట్టాలను వినికిడి గదిలో పనిచేసే మేం చెవులంటాం. బండ జరిగే ముందు మూలుగుతుంది. ఆ మూలుగు సెకనుకు నలభై అదురుల లోపు ఉంటుంది, మనిషి చెవికి సరిగ్గా ఆనదు. గొట్టాలకు ఆనుతుంది, అప్పుడు మా యంత్రం అరుస్తుంది. అందుకే మా ఊళ్లో పాటలు వినిపించే ప్రతి డబ్బాకీ లోపల ఒక కత్తెర బిగించి ఉంటుంది. నలభైకి దిగువన ఏ శబ్దమూ బయటికి రాకుండా అది కోసేస్తుంది. వరుస వరుసకీ బోర్డు కూడా ఉంది: నలభైకి కింద బండ సొత్తు.

ఈ సాయంత్రం ఏడో వరుస ఇళ్ల నుంచి సుగుణక్క వచ్చింది. ఫిర్యాదు.

"స్వరూపా, మా ఇంట్ల గ్లాసులు నడుస్తున్నయే. ఆరైతే చాలు, అల్మార మీంచి ఒక్కొక్కటి ముందటికొచ్చి కింద పడ్తున్నయ్."

"దయ్యమేమో అక్కా."

"దయ్యమైతే నీ దగ్గరికెందుకొస్త. పక్కింటి ముసలాయన ఏందో చేస్తుండు."

రికార్డు చూశాను. ఆమె చెప్పింది నిజమే. ఏడో వరుస నాలుగో చెవిలో మూడు రోజులుగా సాయంత్రాలు ఒక దరువు పడుతోంది. బండ దరువు వేయదు. అది మనిషి పని.

113వ రోజు

పక్కింటి ముసలాయన అంటే కనుకుంట్ల ఓదెలు కాక. డెబ్బై దాటాయి. పైన ఎండకు తాళలేక జనం ఈ పాత బొగ్గు గనిలోకి దిగిన కొత్తలో, ఇళ్ల కోసం బండను మందు పెట్టి పేల్చింది ఆయనే. నేను అప్పుడు ఆరేళ్లదాన్ని. మేం పడుకునే గదులు ఆయన పేల్చినవి. ఆ పేలుళ్లకు ఆయన రెండు చెవులూ పోయాయి. మాట్లాడతాడు. మనం చెప్పేది పలక మీద రాయాలి.

డబ్బా స్వాధీనం చేసుకునే కాగితం పట్టుకుని ఆరింటికి వెళ్లాను. గదిలో ఒక నులక మంచం. దాని కింద, మంచమంత పొడుగు చెక్కపెట్టె. మందు పెట్టెల చెక్కతో చేశాడట. దాని మూతికి బొగ్గు మోసే పాత బెల్టు రబ్బరు గుండ్రంగా బిగించాడు. అదే ఆయన పాటల డబ్బా. లోపల కత్తెర లేదు.

పలక మీద "ఇది తప్పు" అని రాశాను.

"ఎరికే. నువ్వు జెర పండు బిడ్డా. విన్నంక తీస్కపో."

ఉద్యోగంలో ఉన్నదాన్ని, తప్పు చేసినవాడి మంచం మీద పడుకోవడమేమిటి అనుకున్నాను. అయినా పడుకున్నాను.

ముందు నాకు ఏమీ వినబడలేదు. వీపుకి తెలిసింది. నులక అదిరింది, తర్వాత నా పక్కటెముకలు, తర్వాత కడుపు. అది ఒగ్గుడోలు అని ఆయన చెప్పాడు. వాళ్లన్న బృందం ఏదో ఊరి బయట మైదానంలో ఒగ్గుకథ చెబుతుండగా తీసిన రికార్డు, నలభై రెండు నిమిషాలు. అదే మా ఊరి గ్రంథాలయంలో ఉంది, నేను చిన్నప్పటి నుంచి విన్నాను. టకటకమని కర్ర చప్పుడు, పైన గొంతు. డోలుకి కడుపు ఉంటుందని నాకు ఈ రోజు వరకూ తెలియదు.

ఆయనకి ఆ గొంతు వినబడదు. కర్ర చప్పుడూ వినబడదు. నాకు వినబడని సగమే ఆయనకు మిగిలింది.

మధ్యలో ఉన్నట్టుండి వేలు పైకెత్తాడు. "ఇప్పుడు లారీ పోతది."

వీపు కింద ఏదో బరువుగా ఎడమ నుంచి కుడికి జరిగిపోయింది. డోలు కాదు. లయ లేదు. నిదానంగా వచ్చి, నిదానంగా పోయింది.

"మైదానం ఎనుక రోడ్డుండె. లోడు లారీ. మా అన్న కథ ఆపలే, డోలు ఆపలే. లారీ దారిన లారీ పోయింది."

చిన్నప్పుడు పైన నేను లారీని చూశానో లేదో గుర్తు లేదు. చూసే ఉంటాను. గడియారం చూస్తే పాట మొదలై పందొమ్మిది నిమిషాలైంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

116వ రోజు

చెవులు నూట నలభై. అన్నీ బాగున్నాయి.

మళ్లీ వెళ్లాను. ఇంత దిగువ శబ్దం ఇంట్లో వినే పాటకు ఎందుకు, రాగం అందులో ఉండదు కదా అని పలక మీద రాసి అడిగాను. అడిగింది విచారణ కోసం అని నాకు నేను చెప్పుకున్నాను.

"పాట గాదు బిడ్డా అది. జాగ," అన్నాడు. "మనిషి గొంతు యాడైనా ఒక్క తీరే ఉంటది. ఆ గొంతు యాడ నిలబడ్డదో చెప్పేది ఇదే. నేల ఎంత పెద్దగుండె, జనం ఎంతమంది కాళ్లు కదిపిండ్రు, గాలి ఎట్ల కొట్టింది. అది కోసేస్తే పాటుంటది, పాట నిలబడ్డ జాగుండదు."

ఇంటికి వచ్చి నా డబ్బాలో అదే రికార్డు పెట్టుకున్నాను. గొంతు బాగుంది, మాటలు స్పష్టం. కాని ఆ పాడేవాళ్లు నా గదిలోనే, అదీ పదడుగుల గదిలో, గోడకి ఆనుకుని పాడుతున్నట్టుంది. లారీ పోవాల్సిన చోట ఏమీ లేదు. సగంలో ఆపేశాను. ఇరవై ఎనిమిదేళ్లుగా మేం ఇలాగే విన్నాం, ఎవరికీ లోటు తెలియలేదు. తెలిశాక బతకడం కష్టంగా ఉంది.

119వ రోజు

చేశాను. ఓదెలు కాక పెట్టె రికార్డులో పట్టుబడకుండా ఏం చేశానో ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఏడో వరుస నాలుగో చెవికి ఒక సూచన ఇచ్చాను: రోజూ సాయంత్రం ఆరు నుంచి ఆరూ నలభై రెండు వరకు, నలభై కింద వచ్చేది లెక్కలోకి తీసుకోవద్దు. కారణం అన్నచోట "పరికర పరీక్ష" అని రాశాను. ఇలాంటి సూచన ఇచ్చే అధికారం నాకుంది. ఎవరి మంచం కోసమో ఇచ్చే అధికారం లేదు.

ఆరు గంటలే ఎందుకంటే, మా వరుసల వెనక వదిలేసిన పాత గనిలో ఊరే నీటిని తోడే మోటార్లను ఆ వేళకే ముప్పావు గంట ఆపి జల్లెళ్లు కడుగుతారు. మోటార్లు ఆగితే నేల నిశ్శబ్దంగా ఉంటుంది. ఓదెలు కాక వీపుకి పాట సరిగ్గా తెలిసేది అప్పుడే. రోజు మొత్తంలో మా బండ మీద అంత నిశ్శబ్దం ఇంకెప్పుడూ ఉండదు.

సుగుణక్క అల్మారాలో గ్లాసుల కింద గోనెసంచి పరిచి వచ్చాను. "దయ్యం పోయిందా?" అంది. పోలేదు, అలవాటైంది అన్నాను.

138వ రోజు

చెవులు నూట నలభై. ఎలుక దొరికింది.

సుగుణక్క ఈ మధ్య ఆరింటికి పని ఆపేసి, ఓదెలు కాక గోడకు వీపు ఆనించి కూర్చుంటోంది. నడుము నొప్పికి మంచిదట. నేను నవ్వితే కోప్పడింది. నేనూ రోజు విడిచి రోజు వెళ్తున్నాను. నడుము నొప్పి లేదు.

లారీ వచ్చే ముందు ఆయన వేలు ఎత్తడం ఒక్కసారి కూడా తప్పలేదు. గడియారం చూడడు. డోలు దరువులు లెక్కబెడతాడట. పందొమ్మిదో నిమిషానికి అన్ని వందల దరువులు, ఆ తర్వాత లారీ. పేలుడు మందు పెట్టేవాళ్లకు ఆ లెక్క అలవాటు. వత్తి అంటించి, మనసులో దరువులు లెక్కబెడుతూ నడిచి వచ్చేవాడినని చెప్పాడు.

171వ రోజు

ఓదెలు కాక ఈ రోజు చిరాకుగా ఉన్నాడు.

"లారీ రెండుసార్లు పోయింది."

ఒకటే ఉంది కదా అని రాశాను.

"ఒక్కటే ఉన్నదని నాకు తెల్వదా? పందొమ్మిది కాడ పోయేది పోయింది. మల్ల ముప్పై ఒకటి కాడ ఇంకోటి పోయింది. గిది కుడి నుంచి ఎడమకు పోయింది. మా అన్న రికార్డుల అటు పోయే లారీ లేదు."

కునుకు పట్టిందేమో అని రాశాను. పలక లాక్కుని అరచేత్తో తుడిచేశాడు. నా మొహం చూడకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నవ్వుతూ వచ్చేశాను.

172వ రోజు

ఈ రోజూ పోయిందట. ముప్పై ఒకటో నిమిషంలోనే. నేను ఆ వేళకి అక్కడ లేను.

చూడాలంటే ఒక్కటే దారి. లెక్కలోకి తీసుకోవద్దన్న ఆ నలభై రెండు నిమిషాల రికార్డు తెరవాలి. తెరిస్తే యంత్రం ఎందుకని అడుగుతుంది, నా జవాబు నేరుగా నర్సింగం సారుకి వెళ్తుంది. సూచన ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో బయటపడుతుంది. నా ఉద్యోగం పోతుంది. అది సరే. ఆయన పెట్టె పోతుంది. చెవులు పోయిన మనిషికి లోకంలో మిగిలిన ఒకే ఒక్క పాట అది.

తెరవలేదు. ముసలాయన భ్రమ అని నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను.

ఏడో వరుసలో ముప్పై ఒక్క ఇళ్లు, నూట పద్దెనిమిది మంది. ఈ అంకె రాయక తప్పదు, ఎందుకంటే ఈ రోజు ఆ అంకె నాకు తెలిసి కూడా నేను తెరవలేదు.

173వ రోజు

ఆరింటికి ముందే వెళ్లాను. పెట్టె పెట్టొద్దని పలక మీద రాశాను. ఆయన తీగ పీకేసి, నాకు మంచం ఇచ్చి, తను కింద బండ మీద కూర్చుని రెండు అరచేతులూ నేలకి ఆనించాడు.

ఆరైంది. మోటార్లు ఆగాయి. గోడ అవతల సుగుణక్క దగ్గు వినిపించింది. డోలు లేదు, ఏమీ లేదు.

ముప్పై ఒకటో నిమిషంలో వీపు కింద ఏదో కదిలింది. కుడి నుంచి ఎడమకి. నిదానంగా వచ్చి, నిదానంగా పోయింది. నులక సన్నగా కిర్రుమంది.

ఓదెలు కాక నా వైపు చూశాడు. "నిన్న గింత లేకుండె," అన్నాడు.

పరుగెత్తుకుంటూ వచ్చి రికార్డు తెరిచాను. కారణం అన్నచోట ఉన్నది ఉన్నట్టు రాశాను. ఆ మూలుగు నూట నలభై ఏడో రోజు నుంచి ఉంది. ఇరవై ఏడు రోజులు. మొదట చూస్తే గీతో మరకో తెలియనంత చిన్నది. రోజురోజుకీ పెద్దదైంది. ప్రతిసారీ మోటార్లు ఆగిన అరగంటకే. మోటార్లు ఆగితే పాత గనిలో నీరు జానెడు పెరుగుతుంది, ఆ నీరు ఏడో వరుస వెనక గోడ మీద ఒరుగుతుంది, గోడ మూలుగుతుంది. మోటార్లు మళ్లీ మొదలయ్యాక నీరు దిగుతుంది, మూలుగు ఆగుతుంది. రోజులో బండ నోరు విప్పే ముప్పావు గంట అదొక్కటే. సరిగ్గా ఆ ముప్పావు గంటే నేను దాని చెవి మూశాను.

నర్సింగం సారు పది నిమిషాల్లో వచ్చారు. చెప్పులు మర్చిపోయి వచ్చారు.

"చెవి ఎవరు మూయుమన్నరు?"

"ఎవరూ అనలే సార్. నేనే మూసిన."

ఆయన మోటార్లు ఇక ఆపొద్దని ఒక ఫోను, ఏడో వరుస ఖాళీ చెయ్యమని ఒక ఫోను చేశారు. మనుషులు మాత్రమే, చేత పట్టినంత సామాను. గంటలో అందరూ బయటికి వచ్చారు. సుగుణక్క గ్లాసులన్నీ కొంగులో మూటగట్టుకుని వచ్చింది.

ఓదెలు కాక మంచం నెత్తిన పెట్టుకుని వచ్చాడు. పెట్టె మొయ్యాలంటే నలుగురు కావాలి. అడిగితే ఇద్దరు ముందుకొచ్చారు. ఆయనే వద్దన్నాడు.

"చెక్క కోసం మనుషులను లోపలికి తోలుతరా," అన్నాడు.

176వ రోజు

ఉదయం పదీ ఇరవైకి గోడ పడింది. నాలుగు ఇళ్లు పోయాయి. అందులో ఒకటి ఓదెలు కాకది, ఒకటి సుగుణక్కది. మనుషులెవరూ లేరు. మూడు చెవులు బండ కింద ఉండిపోయాయి. మిగిలిన నూట ముప్పై ఏడుకీ వినబడింది. నాకూ వినబడింది, అరికాళ్లకి.

ఊళ్లో అందరూ ఒక్కసారే మాట్లాడారు.

181వ రోజు

విచారణ జరిగింది. నర్సింగం సారు ఈ పుస్తకం మొదటి పేజీ నుంచి చదివారు. నేను ఈ ఉద్యోగంలో ఉన్న ఏడేళ్లలో మొదటిసారి. టమాట తొక్కు దగ్గర ఒక క్షణం ఆగి నా వైపు చూశారు. తర్వాత చదువుతూనే పోయారు.

ఊరంతా ఓదెలు కాక కాపాడాడంటోంది. నేను విచారణలో చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. అది సగమే నిజం. పెట్టె లేకపోతే నేను చెవి మూసేదాన్ని కాదు. మూయకపోతే యంత్రం నూట నలభై ఏడో రోజే అరిచేది, గోడకి దన్ను కట్టడానికి నెల గడువు దొరికేది, ఆ నాలుగు ఇళ్లు నిలబడేవేమో. మేం కప్పేసిన చప్పుడునే ఆయన వీపు పట్టుకుంది. పొగడ్త ఆయనకి వద్దు. తప్పు మాత్రం పూర్తిగా నాది, అందులో ఆయనకి వాటా ఇవ్వను.

ఇదంతా ఆయనకి పలక మీద రాసి చూపించాను. చాలాసేపు చదివాడు. "నిజమే," అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

తీర్పు: నన్ను వినికిడి గది నుంచి తీసేశారు. వచ్చే వారం నుంచి కర్ర బృందంలో పని, అంటే వరుస వరుసకీ తిరిగి పైకప్పును కర్రతో తట్టి చూడడం. ఇళ్లలో నలభై కింద శబ్దం ఇక ఏ కారణానికీ కుదరదు. దాని మీద నేను వాదించలేదు.

188వ రోజు

ఈ పుస్తకంలో నా ఆఖరి పేజీ ఇది. రేపు కొత్తవాళ్లకి అప్పగిస్తాను.

ఓదెలు కాకకి పదో వరుసలో గది ఇచ్చారు. కొత్త గదులు కదా, నేలంతా స్పాంజి పరిచి ఉంది. అడుగు చప్పుడు కూడా తెలియదు. వారం రోజులుగా ఆయన మంచం దిగడం లేదని సుగుణక్క చెప్పింది. పలక ఇస్తే పక్కన పెట్టేస్తున్నాడట.

ఈ సాయంత్రం వెళ్లి పలక మీద "లే" అని మాత్రం రాశాను. ఒక కోడు నేను, ఒక కోడు సుగుణక్క పట్టుకుని మంచాన్ని వరుస చివరికి మోసుకొచ్చాం. అక్కడ స్పాంజి లేదు, ఉత్త బండ. ఆయన విసుక్కుంటూ వెనకే వచ్చాడు.

మోటార్లన్నీ ఇప్పుడు ఒక్కసారే ఆపరు. సగం సగం ఆపుతారు. నేల మునుపటంత నిశ్శబ్దంగా ఉండదు, కాని కొంత నిశ్శబ్దం ఉంది. ఆయన పడుకున్నాడు. నేను కింద కూర్చున్నాను. డబ్బా లేదు, పాట లేదు.

ఆరు కాగానే ఆయన రెండు వేళ్లతో మంచం కోడు మీద తట్టడం మొదలుపెట్టాడు. మెల్లగా, బండకు కూడా తెలియనంత మెల్లగా. నాకు ఆ దరువు తెలుసు. వాళ్లన్న డోలు. ఎక్కడ దరువు మారుతుందో అక్కడ మారింది, ఎక్కడ ఆగుతుందో అక్కడ ఆగింది. సుగుణక్క గోడకి చేరబడి కళ్లు మూసుకుంది.

వేలు పైకెత్తాడు.

గడియారం చూశాను. పందొమ్మిది.

నా వీపుకి ఏమీ తెలియలేదు. ఆయన మొహం మాత్రం ఎడమ నుంచి కుడికి నిదానంగా తిరిగింది, పోతున్నదాన్ని చూస్తున్నట్టు. మళ్లీ దరువు అందుకున్నాడు.

ముప్పై ఒకటి దగ్గర పడుతుంటే అరచెయ్యి బండకి ఆనించాను. ఆయన తట్టడం ఆపి, తన చెయ్యి కూడా మంచం మీంచి కిందికి జార్చి నా చేతి పక్కన పెట్టాడు. ముప్పై ఒకటి. ముప్పై రెండు. ముప్పై మూడు. చెయ్యి తీసి మళ్లీ కోడు మీద వేశాడు, వదిలిన దరువు దగ్గర కాదు, పాట అప్పటికి ఎక్కడికి వచ్చి ఉండేదో అక్కడ.

నలభై రెండో నిమిషంలో ఆగాడు.

"ఇయ్యాల ఒక్కటే పోయింది బిడ్డా," అన్నాడు. "రేపు గూడ రా."

చెవులు నూట ముప్పై ఏడు. అన్నీ తెరిచి ఉన్నాయి. ఆరు నుంచి ఆరూ నలభై రెండు వరకు: లారీ ఒకటి.